రాత్రి ఫుటేజ్ ఎక్కడ ఆగిందంటే: మా పెండ్లి వీడియో కస్టమర్లకు

మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకు మా స్టూడియోలో వీడియో బుక్ చేసుకున్న అందరికీ నమస్తే. టీజర్లు, హైలైట్స్ మీకు ఇప్పటికే అందాయి. ఫుల్ వీడియోల్లో మైలపోలు నుంచి తలంబ్రాల దాకా పగటి భాగం మిక్సింగ్ కూడా అయిపోయింది. ఆగిందల్లా నాగవెల్లి, బరాత్ దగ్గరే. "అన్నా, పిల్ల అత్తగారింటికి పోయి ఉగాదికి మళ్లీ వచ్చింది, నీ పెన్‌డ్రైవ్ మాత్రం రాలే" అని నల్లగొండ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు రోజూ అడుగుతున్నారు. అడగాల్సిందే, పైసలు ఇచ్చింది మీరు. ఫోన్‌లో తలా ఒక ముక్క చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఆలస్యానికి కారణం నాయిస్. సౌండులో వచ్చేది కాదు, బొమ్మలో వచ్చేది. చీకట్లో తీసిన వీడియోను పెద్ద టీవీలో పెడితే పెండ్లికొడుకు నల్ల కోటు మీద, వెనక ఆకాశంలో సన్నటి చుక్కలు లుకలుకమంటూ కనిపిస్తాయి చూడండి, అదే. కొన్ని ఉత్త తెలుపు నలుపు చుక్కలు. కొన్ని ఎరుపు, నీలం. కంటికి ఎక్కువ చికాకు పెట్టేవి రంగు చుక్కలే.

కెమెరాలో ఐఎస్‌వో అనే సెట్టింగ్ పెంచితే నాయిస్ పుడుతుందని మా లైన్‌లో ఉన్నవాళ్లే చాలామంది చెప్తుంటారు. అసలు లోటు వెలుతురుది. వెలుతురు కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద ఫోటాన్లనే విడివిడి కణాలుగా వచ్చి పడుతుంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో బండలు చూడండి, ఒక బండ మీద నాలుగు చినుకులు పడితే పక్క బండ మీద ఒకటే పడుతుంది. వాన దంచి కొట్టాక అన్నీ ఒకేలా తడుస్తాయి. చీకట్లో సెన్సర్ ఆ మొదటి చినుకుల దగ్గరే ఆగిపోతుంది. ఐఎస్‌వో అన్నది వచ్చిన ఆ కొద్దిపాటి సిగ్నల్‌ను పెంచి చూపిస్తుంది, దాంతోపాటు ఎగుడుదిగుడు కూడా పెరిగి కనిపిస్తుంది. వెలుతురు 4 రెట్లు చేస్తేగానీ బొమ్మతో పోలిస్తే నాయిస్ సగానికి దిగదు.

ఫోటోగ్రాఫర్‌కు ఫ్లాష్ ఉంటుంది, మాకు ఆ సౌకర్యం లేదు. సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడి బొమ్మలు. ఒక్కో ఫ్రేముకు మేము వాడే షట్టర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకనులో 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్క తప్పితే కొన్ని లైట్ల కింద వీడియోలో గీతలు పరుగెడతాయి. షట్టర్ సమయం పెంచలేం, అందుకని ఈ సీజన్ నుంచి రాత్రి పనికి పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, ఎఫ్ 1.8 లెన్సు పెడుతున్నాం. ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్సు రంధ్రం అంత పెద్దది. ఎఫ్ 4 లెన్సుతో పోలిస్తే దాదాపు 5 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. కాకపోతే ఫోకస్ మరీ పలచగా ఉంటుంది. పెండ్లికూతురి కళ్లు నిలబడితే వెనక నిలబడ్డ పెద్దమ్మ మసకబారుతుంది. గ్రూపులకు ఆ లెన్సు పనికిరాదు, పెద్దమ్మలు ఊరుకోరు.

"మరి మా బామ్మర్ది ఫోన్‌లో బరాత్ నున్నగా వచ్చింది కదా, లక్షలు పెట్టిన మీ కెమెరాకేమైంది?" అన్న ప్రశ్న చాలామంది అడిగారు. ఫోన్ ఆ చుక్కల్ని లోపలే తుడిచేసి ఇస్తుంది. దాని సెన్సర్ చిన్నది కాబట్టి తుడవక తప్పదు. అరచేతిలో తెర మీద చూసినప్పుడు బాగానే ఉంటుంది. అదే క్లిప్పును 55 అంగుళాల టీవీలో పెట్టి జుట్టు, కనుబొమ్మలు, చీర అంచు చూడండి, మైనం బొమ్మకు చీర కట్టినట్టు ఉంటుంది.

నిజానికి మేము చేసేది కూడా తుడవడమే, కాకపోతే చూసుకుంటూ తుడుస్తాం. అందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ముందు వెనక ఫ్రేములను కలిపి సగటు తీయడం. మనిషి ముఖం ఫ్రేము ఫ్రేముకూ అదే ఉంటుంది, చుక్కలు మాత్రం చోటు మారుతుంటాయి. 4 ఫ్రేములు కలిపితే చుక్కలు సగానికి తగ్గుతాయి, ముఖం చెక్కుచెదరదు. పీటల మీద కూర్చున్న జంటకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. డీజే ముందు తీన్మార్ వేసే కుర్రాళ్ల దగ్గర మాత్రం దెబ్బతింటుంది. చేయి ఊపితే వెనకాల ఇంకో చేయి నీడలా వస్తుంది. రెండో పద్ధతి ఒకే ఫ్రేములో పక్కపక్కనున్న బొమ్మ గడులను (పిక్సెళ్లను) కలిపి నున్నగా చేయడం. దీన్ని కాస్త ఎక్కువ చేస్తే బట్టల వివరం పోతుంది.

ఇది మనవైపు చీరల మీద బాగా తెలుస్తుంది. గద్వాల చీర అంచులో జరీ పోగులు దగ్గరగా సన్నగా ఉంటాయి. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌కు ఆ పోగూ చుక్కే, ఈ చుక్కా చుక్కే. గట్టిగా తిప్పితే జరీ అంతా పసుపు పూత పూసినట్టు అయిపోతుంది. పోచంపల్లి ఇక్కత్ ఇంకా కష్టం. నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచు సహజంగానే ఈకలు ఈకలుగా ఉంటుంది. దాన్ని నున్నగా చేస్తే చేనేత చీర ప్రింట్ చీరలా కనబడుతుంది. లక్ష పెట్టి కొన్న చీరను మా దగ్గర ప్రింట్ చీరగా మార్చి ఇస్తే మీరు ఒప్పుకుంటారా? అందుకే సీను సీనుకూ విడిగా సెట్ చేస్తున్నాం. నల్లటి గోడ లాంటి సాదా చోటు చూపించి అక్కడి చుక్కల తీరు సాఫ్ట్‌వేర్‌కు నేర్పాలి, రంగు చుక్కల్ని బాగా తీయాలి, తెలుపు నలుపు చుక్కల్ని కొంచెం మిగల్చాలి. ఇదంతా అయ్యాకే కలరింగ్, షార్ప్‌నెస్. ముందే షార్ప్ చేస్తే చుక్కలకు కొమ్ములు మొలుస్తాయి.

మా కంప్యూటర్‌లో ఈ పని 4కే మీద సెకనుకు రెండు మూడు ఫ్రేముల కంటే ముందుకు కదలదు. గంట బరాత్ అంటే 90,000 ఫ్రేములు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున టీ టైంకు అవుతుంది, మధ్యలో కరెంటు పోకుంటే. టెన్షన్ అంతా అక్కడే.

చుక్కలు ఉంటే ఏమవుతుంది, అలాగే ఇచ్చెయ్యమని ఇద్దరు ముగ్గురు అన్నారు. వీడియో ఫైలును చిన్నది చేసేటప్పుడు ఫ్రేముకూ ఫ్రేముకూ మారిన దాన్నే రాసుకుంటారు. చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారతాయి కాబట్టి ఫైలులో చోటంతా అవే తినేస్తాయి, ముఖాలకు మిగలదు. వాట్సాప్‌లో పంపారంటే గడులు గడులుగా విడిపోతుంది. తర్వాత ఆ గడుల్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ఇంకో సంగతి మీ చేతుల్లోనే ఉంది, లైటింగ్. ఈమధ్య హాల్స్‌లో స్టేజీ మొత్తం నీలం, ఊదా లైట్లు వేస్తున్నారు. కంటికి బాగుంటుంది. కెమెరా సెన్సర్ మీద ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని చూస్తాయి. కోడాక్‌లో బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ఇది, ఇప్పటికీ చాలా కెమెరాల్లో అదే నడుస్తోంది. ఉత్త నీలం లైటు కింద నాలుగింట మూడు గడులు దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. ముఖాల మీద చుక్కలు రాక ఏం చేస్తాయి? వెనక డెకరేషన్‌కు ఏ రంగైనా వేసుకోండి, జంట ముఖాల మీద మాత్రం తెల్ల లైటు రెండు వైపుల నుంచీ పడాలని లైటింగ్ ఆయనకు చెప్పండి.

బరాత్‌కు కూడా అంతే. ఒకప్పుడు వీడియో లైటు పట్టుకుని ఒక పిల్లవాడు పెండ్లికొడుకు ముందు నడిచేవాడు. ఆ హాలోజన్ వేడికి అందరూ తిట్టుకునేవాళ్లు, కానీ చుక్క ఉండేది కాదు. ఇప్పుడు "లైటు వద్దన్నా, క్యాండిడ్‌గా తియ్యి" అంటున్నారు. మా దగ్గర ఎల్ఈడీ ప్యానెల్ ఉంది, వేడి ఉండదు. అది రెండు మీటర్ల దూరంలో ఉన్నప్పటికంటే నాలుగు మీటర్లకు జరిగితే వెలుతురు నాలుగో వంతే. మా అబ్బాయి దగ్గరికొస్తే దయచేసి పక్కకు నెట్టకండి.

ఇక పాత క్యాసెట్లు. అమ్మానాన్నల పెండ్లి వీహెచ్ఎస్ టేపులు క్లీన్ చేయమని తెస్తున్నారు. చుక్కలు తగ్గించగలం, టేపులో పడని ముఖాన్ని తేలేం. ఏఐతో చేసిన ముఖాలు చూశాను, తాతను తాతలా ఉంచవు. ఏఐతో ముఖాలు చేసే పని మేము తీసుకోవడం లేదు.

ఇప్పుడు తేదీలు. మాఘం పెండ్లిళ్ల పెన్‌డ్రైవ్‌లు శ్రీరామనవమికల్లా, ఫాల్గుణం వాళ్లవి చైత్రం చివరికల్లా ఇస్తాం. నాయిస్ తీసినందుకు వేరే చార్జీ లేదు. రాత్రి ప్రోగ్రాం ఉన్న బుకింగులకు ఇకపై రసీదు మీద 45 రోజులకు బదులు 75 రోజులని రాస్తాం. అంత ఆగలేమనుకునేవాళ్లు ముందే చెప్తే పగటి భాగం విడిగా ఇచ్చేస్తాం. వైశాఖానికి అడ్వాన్స్ ఇవ్వడానికి వచ్చేవాళ్లు మీ హాలు లైటింగ్ ఆయన ఫోన్ నంబర్ కూడా తెచ్చి రాయించి పోండి, ఆయనతో మేమే మాట్లాడుకుంటాం.