నోబుల్‌ జీవితం సరే, మన బడి రిజిస్టర్లు తీసేదెవరు?

సంపాదకులు గారికి,

మచిలీపట్నం నోబుల్‌ కాలేజీకి పునాది వేసిన రాబర్ట్‌ నోబుల్‌ మీద వచ్చే వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. 1841లో వచ్చాడు, 1843లో బడి పెట్టాడు, పెళ్లి చేసుకోలేదు, 1865లో కన్నుమూశాడు. నిజమే. కొందరు బిషప్‌ అంటున్నారు, అది తప్పు. ఆయన సీఎంఎస్‌ (చర్చ్‌ మిషనరీ సొసైటీ) పంపిన ఆంగ్లికన్‌ (ఇంగ్లండ్‌ చర్చి) పాదిరి, బడికి హెడ్మాస్టరు. పై కులాల పిల్లలు రావాలని అంటరానివారన్న కులాల పిల్లలను ఆయన చేర్చుకోలేదన్న సంగతి మాత్రం ఎవరూ రాయరు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే ఊరు తిరగబడింది, బడి ఖాళీ అయింది. ఈ రెండూ కలిపి చెప్తేనే మనిషి కనిపిస్తాడు.

నోబుల్‌కైనా రాసేవాళ్లున్నారు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌, బల్లార్షా, సిరోంచా వైపు బడులు నడిపిన చిన్న అయ్యగార్లకు (పాదిరులకు) ఆ భాగ్యమూ లేదు. వాళ్ల జీవితం రాయాలంటే బాప్తిస్మం రిజిస్టరు, బడి దాఖలా రిజిస్టరు (పిల్లలు చేరిన వివరాల పుస్తకం) పక్కపక్కన పెట్టాలి. రెండింట్లో ఒకే చేతిరాత, ఒకే సంతకం ఉంటే అయ్యగారే హెడ్మాస్టరు. ఆ చేతిరాత మొదలైన తేదీ, ఆగిన తేదీ చూస్తే ఆయన ఎన్నాళ్లున్నారో తేలుతుంది. మధ్యలో వేరే చెయ్యి కనబడితే సెలవో, జబ్బో.

చిక్కులు రెండు. ఒకటి పేరు. మరాఠీ బడిలో ఇంటిపేరు ముందు, తర్వాత పిల్లవాడి పేరు, ఆపైన తండ్రి పేరు రాస్తారు. తెలుగు చర్చి పుస్తకంలో ఒక్కోసారి ఇంటిపేరే ఉండదు. అందుకని తండ్రి పేరుతో వెతకండి. రెండోది తేదీ. బాప్తిస్మం తేదీనే పుట్టిన తేదీగా బడిలో ఎక్కించినవి ఉంటాయి, నెలల తేడా వచ్చేది అక్కడే.

ఇంకో మాట. తెలంగాణలో డోర్నకల్‌ వైపు ఆంగ్లికన్‌ చర్చిలు 1947లో సీఎస్‌ఐ (చర్చ్‌ ఆఫ్‌ సౌత్‌ ఇండియా)లో, చంద్రపూర్‌ వైపు ఆంగ్లికన్‌ చర్చిలు 1970లో సీఎన్‌ఐ (చర్చ్‌ ఆఫ్‌ నార్త్‌ ఇండియా)లో కలిశాయి. బొగ్గు గనులకో, పేపరు మిల్లుకో వలస వచ్చిన కుటుంబం బాప్తిస్మం కాగితం అక్కడ, బడి దాఖలా ఇక్కడ ఉండటం మామూలే. ఒకచోట దొరకలేదని వెనక్కి రావద్దు. సీఎంఎస్‌ పాదిరులు లండన్‌కు రాసిన ఉత్తరాలైతే బర్మింగ్‌హామ్‌ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

పాత రిజిస్టర్లను జెరాక్స్‌ మిషను మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. కిటికీ వెలుతురులో, ఫ్లాష్‌ లేకుండా, పేజీ నంబరు పడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. ముందు అట్ట, తర్వాత లోపలి పేజీలు వరసగా. పాత నల్లసిరాలో ఇనుప లవణం, ఆమ్లం ఉంటాయి, అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తుంది. చినిగిందని సెలోటేపు వేస్తే జిగురు పసుపెక్కి అక్షరాలను లాగేస్తుంది. లామినేషన్‌ అసలే వద్దు, ఒకసారి వేశాక ఊడదీయలేం.

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి ఒక్క రిజిస్టరు పేజీ ఫొటో వేసి, ఏ గడిలో ఏముందో కింద రాస్తే మా వైపు చర్చి కమిటీలు బీరువాలు తెరుస్తాయి.

ఇట్లు,
కొందరు తెలుగు ఉపాధ్యాయులు,
బల్లార్షా, చంద్రపూర్‌ జిల్లా