హోంవర్క్ మళ్లీ డైరీలోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఫోన్ వదలడం లేదని పేరెంట్స్ మీటింగుల్లో టీచర్లు గట్టిగా చెబుతారు. అదే బడి సాయంత్రమయ్యేసరికి హోంవర్క్‌ను వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. కంచరపాలెంలో ట్యూషన్లు చెబుతున్నాను కాబట్టి ఈ రెంటి మధ్య పిల్లలు ఎలా నలుగుతున్నారో దగ్గరుండి చూస్తున్నాను.

మొన్న ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు లెక్కల హోంవర్క్ కోసం ఫోన్ తెరిచాడు. టీచరు పంపిన బోర్డు ఫొటో చూసి మొదటి లెక్క సగం ఎక్కించుకున్నాడో లేదో, ఇన్‌స్టాగ్రామ్ నోటిఫికేషన్ పడింది. బొటనవేలు దానంతటదే అటు పోయింది. పిలిస్తే "ఇదొక్కటి చూసేసి, మేడమ్" అన్నాడు. ఆ ఒక్కటీ అయింది, ఇంకోటి మొదలైంది. వాడు మొండిఘటం కాదు, చెప్పిన మాట వినే పిల్లాడే.

వాడిని తిట్టేముందు ఆ యాప్ ఎలా పనిచేస్తుందో మనం తెలుసుకోవాలి. పెట్టెలో ఉన్న మీటను పొడిచిన ప్రతిసారీ గింజ వస్తుంటే పావురం ఆకలిని బట్టి పొడుస్తుంది. ఎన్నిసార్లు పొడిస్తే వస్తుందో తెలియనప్పుడు మాత్రం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆపేసినా చాలాసేపు వదలదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో తేలిన సంగతి ఇది. పేకాట వ్యసనం వెనక ఉన్నదీ ఇదే. రీల్స్ చాలావరకు చప్పగానే ఉంటాయి, మధ్యలో ఒకటి కడుపుబ్బ నవ్విస్తుంది. అది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే వేలు ఆగదు. పైగా 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ వల్ల 'ఇక్కడితో అయిపోయింది' అనే చోటే లేకుండా పోయింది. తర్వాత ఆయనే దాని గురించి బాహాటంగా బాధపడ్డారు.

మరో సంగతి నా అభ్యర్థనకు ఇంకా ముఖ్యం. మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన పరిశోధనల్లో, అలవాటు పడ్డాక మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు పళ్లరసం నోటికి అందినప్పుడు కాదు, అది రాబోతోందని చెప్పే గుర్తు కనబడగానే స్పందించాయి. పిల్లలకు ఆ గుర్తు ఫోన్ తెరే. ఆ తెరను హోంవర్క్ పేరుతో రోజూ మనమే వాళ్ల ముందు పెట్టి, తర్వాత నిగ్రహం లేదంటున్నాం!

ఈ వయసులో లైకుల బలం కూడా తక్కువేం కాదు. తమ ఫొటోలకు ఎక్కువ లైకులు వచ్చినట్టు చూపినప్పుడు టీనేజర్ల మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం చురుకవడాన్ని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో స్కానింగ్‌లో గమనించారు. మనిషి మనసులోని బలహీనతనే వాడుకున్నామని ఫేస్‌బుక్ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో ఒప్పుకున్నారు. అయినా ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ 'అడిక్ట్' అని ముద్ర వేయడం నాకు ఇష్టం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది కానీ సోషల్ మీడియా వ్యసనం లేదు. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

కరోనా రోజుల్లో ఫోన్ తప్పలేదు. బడులు తెరిచాక కూడా ఆ పద్ధతి ఎందుకు? తండ్రి పోర్టులోనో స్టీల్‌ప్లాంట్‌లోనో సాయంత్రం పూట ఉండే బీ షిఫ్టుకు వెళ్తే ఫోన్ ఆయనతోపాటే పోతుంది. దాంతో హోంవర్క్ కోసమని అప్పు చేసి మరీ పిల్లాడి చేతికి ఇంకో ఫోన్ కొనిస్తున్నారు. కొననివాళ్ల పిల్లలు మర్నాడు హోంవర్క్ చేయలేదని క్లాసులో నిలబడుతున్నారు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

పీరియడ్ చివర ఐదు నిమిషాలిస్తే పిల్లలే డైరీలో రాసుకుంటారు. సెలవు ప్రకటనలు, ఫీజు కబుర్లు తల్లిదండ్రులకు పంపుకోవచ్చు, అభ్యంతరం లేదు. పిల్లలు చేయాల్సిన పని మాత్రం ఫోన్‌లో పంపొద్దని జిల్లా విద్యాశాఖాధికారి అన్ని యాజమాన్యాలకూ సర్క్యులర్ ఇవ్వాలి. ముందు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడుల్లో అమలు చేసి చూపిస్తే ప్రైవేటు బడులను నిలదీయడానికి అధికారులకు నోరుంటుంది.

– ఒక ట్యూషన్ టీచరు, కంచరపాలెం, విశాఖపట్నం