ఏకాదశి పాలకుండ ఏడో తరగతికి బరువేం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక స్కూల్లో ఈ మధ్య చిన్న రగడ అయింది. లైబ్రరీ పీరియడ్‌లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' చదివి వినిపిస్తానని ఒక టీచర్ అంటే, తల్లిదండ్రుల మీటింగులో కొందరు ససేమిరా అన్నారు. ఉన్నవాళ్ళ పిల్లలు, లేనివాళ్ళ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు, వాళ్ళ మధ్య లేనిపోని తగవు పెట్టడం దేనికి, ఇలాంటివి డిగ్రీలో చదువుకుంటారులే అని తేల్చేశారు. చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పిన మనిషిని. నాకిది సబబుగా తోచలేదు.

ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన పిల్లలకు తేడాలు తెలియవనుకోవడం మన అమాయకత్వం. ఎవరి బాక్సులో ఏం కూర వచ్చిందో, ఎవరి నాన్న దసరా వెళ్ళగానే ఇటుకబట్టీ పనికి రైలెక్కుతాడో, గ్రూపు లోను కట్టాల్సిన రోజున ఎవరింట్లో పొద్దున్నే గొడవ మొదలవుతుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. ఆ తెలిసిన సంగతులు తమ ఇంటి పేరెత్తకుండా, సిగ్గుపడకుండా మాట్లాడుకోవడానికి ఒక కథ ఇస్తామంటే వద్దంటున్నాం.

ఇక నవల సంగతి. 1897 నుంచి 1899 దాకా 'ఉత్కళ సాహిత్య' పత్రికలో ధూర్జటి అనే మారుపేరుతో సీరియల్‌గా వచ్చింది, 1902లో పుస్తకమైంది. జమీందారు రామచంద్ర మంగరాజ్ కన్ను భగియా, సారియా అనే నేతపనివాళ్ళ పొలం మీద పడుతుంది. ఆ మొగుడూ పెళ్ళాలకు పిల్లలు లేరు. గుడి కట్టిస్తే కడుపు పండుతుందని వాళ్ళను నమ్మించి, అందుకు అప్పిచ్చి, ఆ అప్పు కింద పొలం లాగేసుకుంటాడు. పేరులో ఉన్న ఆరు మాణల ఎనిమిది గుంఠలు ఆ పొలమే. ఒడిశా లెక్కలో మాణ అంటే ఎకరం, ఎకరానికి 25 గుంఠలు కాబట్టి మన సెంట్లలోకి మార్చి చెప్పమంటే పిల్లలే కాగితం తీసి ఆరెకరాల ముప్పై రెండు సెంట్లు అని చెప్తారు. లెక్కల మేష్టారు కూడా సంతోషిస్తారు.

అయితే పాఠం ఇక్కడ మొదలుపెట్టకూడదు. 'భూస్వామ్య వ్యవస్థ', 'వర్గ సంఘర్షణ' అని బోర్డు మీద రాసి అసలే మొదలుపెట్టకూడదు. రాసిన మరుక్షణం పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. నన్నడిగితే ఏకాదశి ముచ్చటతో మొదలుపెట్టాలి. మంగరాజ్ మహా నిష్ఠాపరుడట. ఏకాదశి నాడు మంచినీళ్ళు, నాలుగు తులసాకులు తప్ప ఏదీ ముట్టడట. మంగలి మాత్రం ఒకసారి నోరు జారాడు. ఏకాదశి రాత్రి అయ్యగారి పడకగదిలో పెద్ద కుండతో పాలు, అరటిపళ్ళు, పేలాలు పెట్టి ఉంచుతారని, తెల్లారగట్ల ఖాళీ కుండ తీసి కడిగేది తనేనని చెప్పేశాడు. ఇక్కడే ఉంది రచయిత గడుసుతనం. ఆయన మంగరాజ్ తరఫున వకీలులా వాదనకు దిగుతాడు. తాగుతుండగా కళ్ళతో చూసినవాళ్ళెవరు, వినికిడి మాట సాక్ష్యమవుతుందా అని.

ఈ ముక్క వినిపించి ఊరుకోండి. క్లాసులో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. కథ చెప్పేవాడు పొగుడుతున్నాడా, ఎగతాళి చేస్తున్నాడా అని పక్కవాడితో వాదులాట మొదలవుతుంది. పెద్దవాళ్ళు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడా పట్టుకోవడంలో పన్నెండేళ్ళ పిల్లల్ని మించినవాళ్ళు లేరు. డిగ్రీకి వచ్చేసరికి ఆ చురుకు సగం పోతుంది, గైడు కొనుక్కుంటారు.

తగవు పెడుతుందన్న పుస్తకం నిజానికి అంత తేలిగ్గా ఎవరినీ వెలివేయదు. మంగరాజ్ పుట్టు జమీందారు కాడు. దిక్కులేని పేద పిల్లాడుగా మొదలై ఎదిగినవాడు. అతని భార్య ఊళ్ళో పేదసాదలకు అన్నం పెట్టే మంచి ఇల్లాలు, మొగుడి పనులకు కుమిలి కుమిలి పోతుంది. ఆఖరికి మంగరాజ్ జైలుపాలైతే ఆ జమీందారీ వకీలు చేతిలో పడుతుంది. ఊరివాళ్ళకు దొర మారాడు, రాత మారలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ ఒక్క మలుపు గురించి గంటసేపు మాట్లాడగలరు. ఆసామి కొడుకు వెళ్ళి కంబారి (పాలేరు) కొడుకుతో కొట్లాడాల్సిన కథ ఇది కాదు.

అంతా చదివి వినిపించమనడం లేదు. మంగరాజ్ ఇంటి దాసి చంపా వ్యవహారాలు, హత్య ఉన్న అధ్యాయాలు ఆ వయసుకు అక్కర్లేదు, టీచర్ రెండు వాక్యాల్లో చెప్పి దాటెయ్యొచ్చు. సారియా ప్రాణంలా చూసుకున్న 'నేత' అనే ఆవు కూడా చేజారిపోవడం మాత్రం దాటెయ్యకూడదు. పొలం అంటే ఊహకు అందని పట్నం పిల్లకు కూడా ఆవు పోవడం అర్థమవుతుంది.

1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊరు మాది. మా పిల్లలకు ఒడియా చదవడం వచ్చు, ఇంట్లో తెలుగు. టీచర్ ఒడియాలో ఒక పేజీ చదివి తెలుగులో కబుర్లాడించవచ్చు. రాజుగారి కోట పక్క నుంచి రోజూ స్కూలుకు నడిచే పిల్లలకు జమీందారు ఎవరో వేరే చెప్పాలా? పక్కనే మందస జమీందారీలో 1940 ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో, రైతుల్ని పట్టుకుపోతున్న పోలీసులకు అడ్డు నిలిచిన గున్నమ్మ తూటాకు బలైంది. సరిహద్దు దాటితే ఆ ఊరు వచ్చేస్తుంది. నవల అయ్యాక పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినా తీసుకెళ్ళొచ్చు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' ఉండగా ఒడియా నవల ఎందుకని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బుల్లో ఇవ్వాలా అనే పేచీ ఉన్న ఆ భాగం పిల్లలకు చాలా బాగుంటుంది. కానీ అది పెద్ద పుస్తకం, పైగా గుంటూరు పలుకుబడి. తొమ్మిదో తరగతికి ఉంచుదాం.

ఒక్క విన్నపం. దీన్ని పరీక్షలోకి లాగొద్దు. 'మంగరాజ్ స్వభావమును వివరింపుము' అని ఐదు మార్కుల ప్రశ్న వచ్చిందంటే నవల చచ్చినట్టే. లైబ్రరీ పీరియడ్‌లోనే ఉండనివ్వండి, మార్కులు వద్దు, నోట్సు వద్దు. అభ్యంతరం చెప్పిన తల్లిదండ్రుల్ని కూడా పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టండి.

మీ పత్రిక ఆదివారం పిల్లల పేజీలో ఏకాదశి భాగాన్ని ఎవరి చేతనైనా తెలుగులో రాయించి వేస్తే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మిగిలిన మా తెలుగు టీచర్లకు చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది. జిరాక్స్ ఖర్చు మేం పెట్టుకుంటాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా