మా అమ్మ మాటే నిజమని తేల్చిన చిక్కడపల్లి పెద్దలకు కృతజ్ఞతలు

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదీ కలిసి మా అమ్మ మాటను తీసిపారేస్తూ వచ్చాం. నేను, తమ్ముడు, మరదలు, ఆఖరికి డిగ్రీ చదివే మా అబ్బాయి కూడా. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమని పోయిన నెలలో చిక్కడపల్లిలో నలుగురు పెద్దలు ఇరానీ చాయ్ తాగుతూ అరగంటలో తేల్చేశారు. వాళ్లకు థ్యాంక్స్ చెప్పడానికే ఇది రాస్తున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి మా ఇంట్లో వాళ్లను పిలుచుకుంటున్న పేర్లతోనే రాస్తాను, ఏమనుకోకండి.

మా అమ్మ నర్సు. 1961లో నల్గొండ జిల్లా నుంచి ఒక రేకు పెట్టె పట్టుకుని వచ్చి ఉస్మానియా ఆసుపత్రిలో ట్రైనింగ్‌లో చేరింది. ఇప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్లు తప్ప మిగతావన్నీ మాట వింటున్నాయి. సినిమా పిచ్చి ఉన్న మనిషేమీ కాదు. టీవీలో పాత సినిమా వస్తుంటే చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఓ కన్ను వేస్తుంది, అంతే. కానీ తెర మీద సావిత్రి కనబడితే మాత్రం ఈ మాట అనకుండా ఉండదు:

"ఈమె నర్సు ఏషం ఏసిన సినిమా ఒకటున్నది. అదెందుకు ఏస్తలేరు?"

ఏం సినిమా అని అడిగితే పేరు యాదికి లేదంటుంది. కథ మాత్రం పొల్లు పోకుండా చెబుతుంది. మనసు చెదిరిన పేషెంటు. వాణ్ని ప్రేమిస్తున్నట్టు నటించి నయం చెయ్యమని నర్సుకు డ్యూటీ వేస్తారు. నయమై వాడు వెళ్లిపోతాడు. మళ్లీ ఇంకొకణ్ని అప్పజెబుతారు. ఆఖరికి ఆమెకే మతి చలిస్తుంది. ఇంత చెప్పి, చివర్లో ఒక ముక్క కలిపేది: "అండ్ల మా డాక్టరు సాబొకాయన గూడ ఉన్నడు. మా దిక్కాయననే."

ఆ చివరి ముక్క దగ్గరే అందరం నవ్వేవాళ్లం. నల్గొండ డాక్టరేంటి, సావిత్రి సినిమాలో ఉండటమేంటి! మా తమ్ముడికి హిందీ సినిమాలంటే ప్రాణం. "అమ్మా, నువ్వు చెప్పేది ఖామోషీ. అందులో నర్సు వహీదా రెహమాన్, సావిత్రి కాదు. నువ్వు రెంటినీ కలిపేసుకుంటున్నావ్" అని హేమంత్ కుమార్ పాట కూడా వినిపించేవాడు. అమ్మ కళ్లు మూసుకుని మొత్తం వినేది. "పాట మంచిగనే ఉన్నది. సినిమా ఇది గాదు" అనేది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

ఇలాగే సాగిపోయేది కానీ, మొన్న ఎండాకాలంలో మళ్లీ ఆ ముచ్చట వచ్చినప్పుడు తమ్ముడు మామూలుగానే ఖామోషీ అన్నాడు. ఈసారి అమ్మ వాదించలేదు. కాసేపాగి, "ఏమో బిడ్డా, నాకే మతి తప్పుతున్నదేమో" అంది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఒక్క మందు తప్పుగా ఇవ్వని మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారమే ఆబిడ్స్ వెళ్లాను. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, పాత సినిమాల పాటల పుస్తకాలేమైనా దొరుకుతాయేమోనని. ఎండకు మాడిపోతూ నాలుగైదు కుప్పలు తిరగేశాను. ఒక అమ్మేటాయన నా అవస్థ చూసి, "అమ్మా, మీరు పుస్తకం కోసం గాదు, మనిషి కోసం ఎతకాలె. చిక్కడపల్లి పొండి, త్యాగరాయ గానసభ కాడ పొద్దుగాల కొందరు పెద్దమనుషులు కూసుంటరు. ఎన్టీఆర్ తుమ్మింది గూడ చెప్తరు" అన్నాడు. ఆయనకు కూడా నా మొదటి నమస్కారం. ఒక్క పుస్తకం కొనకపోయినా దారి చూపించాడు.

నేను వెళ్లేసరికి అక్కడ మిస్సమ్మ మీద రభస జరుగుతోంది. తార్నాక బాబాయి గారు, రావోయి చందమామ పాట ఘంటసాల పాడకపోవడం పెద్ద లోటని అంటున్నారు. ఏ.ఎం. రాజా గొంతులో ఉన్న మెత్తదనం లేకపోతే ఆ వెన్నెలే లేదని రికార్డుల మాస్టారు బల్ల గుద్దుతున్నారు. నాకు లోపల చక్కిలిగింతలు పెట్టినట్టయింది, ఎందుకంటే ఆ పాట ఘంటసాలదేనని మా నాన్న బతికున్నంత కాలం పందెం కాసేవాడు. (నాన్నా, ఓడిపోయావు.) ఇంతలో మాట భానుమతి మీదికి వెళ్లింది. ఆ వేషం ఆవిడ మొదలుపెట్టి మధ్యలో మానేసింది కాబట్టే 1955లో సావిత్రి మిస్సమ్మ అయిందని, సావిత్రి చేయాల్సిన వేషం జమునకు వెళ్లిందని చెప్పుకున్నారు. సరే, సావిత్రి పేరు వచ్చింది కదా అని నేను మధ్యలో దూరాను.

అమ్మ చెప్పినదంతా చెప్పాను. చివరి ముక్క చెప్పడానికి సిగ్గేసి మింగేశాను.

తార్నాక బాబాయి గారు అక్కినేని వీరాభిమాని. వెంటనే, "ఇంకేముంది, ఆరాధన!" అన్నారు. 1962 నాటిది. నాగేశ్వరరావుకు చూపు పోతుంది, సావిత్రి సేవ చేస్తుంది. నిజమే కాబోలు అనుకున్నాను. కానీ రికార్డుల మాస్టారు ఒప్పుకోలేదు. "ఈవిడ అమ్మగారు చెప్పింది కళ్లు పోవడం కాదయ్యా, మతి పోవడం. నర్సుకు ఆ తేడా తెలీదంటావా?" ఆ ప్రశ్నకు ఆయనకు ఇప్పుడు కూడా దండం పెడుతున్నా. ఇరవై ఏళ్లలో మాలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

అప్పటిదాకా మౌనంగా బిస్కట్ చాయ్‌లో ముంచుకుంటున్న ఏజీ ఆఫీసు పెద్దాయన మెల్లగా ఒక ప్రశ్న వేశారు. "అమ్మగారు సినిమా చూసింది పెళ్లికి ముందా, తర్వాతా?"

ముందే, ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, హాస్టల్ పిల్లలతో. 1961 నుంచి 1964 లోపు.

"అయితే ఖామోషీ కాదు. అది 1969. అప్పటికి మీరు పుట్టారా?"

అప్పటికి నాకు రెండేళ్లు. లెక్కల్లో ఇంత చిన్న విషయం మాకెందుకు తట్టలేదో! బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చేసినదాన్ని నేను.

ఆయన అక్కడితో ఆగలేదు. ఖామోషీ తీసిన అసిత్ సేన్ దానికి పదేళ్ల ముందే, 1959లో, అదే కథను బెంగాలీలో సుచిత్రా సేన్‌తో తీశాడట. అశుతోష్ ముఖోపాధ్యాయ రాసిన కథ. ఆ బెంగాలీ సినిమాను హిందీ వాళ్ల కంటే ముందు మనవాళ్లే తెచ్చుకున్నారు. 1960లో. గుత్తా రామినీడు దర్శకత్వం, సావిత్రి నర్సు, కాంతారావు ఉన్నాడు. పేరు చివరకు మిగిలేది.

అప్పుడు కక్కాను మింగిన ముక్క. "అమ్మ ఇంకో మాట కూడా అంటుందండీ. అందులో వాళ్ల డాక్టరొకాయన ఉన్నాడని..."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టి, "ప్రభాకర్ రెడ్డి!" అన్నారు.

ఎం. ప్రభాకర్ రెడ్డిని మనమంతా ఎన్ని సినిమాల్లో చూశాం! లాయరుగా, జమీందారుగా, విలన్‌గా. ఆయన పుట్టింది అప్పటి నల్గొండ జిల్లాలోని తుంగతుర్తిలో. చదివింది ఉస్మానియా మెడికల్ కాలేజీలో. వేషాల్లోకి రాకముందే నిజం డాక్టరు. మొదటి సినిమా చివరకు మిగిలేది. మణికొండలో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి ఉన్నది కూడా ఆయన పేరే. మా అమ్మ ట్రైనింగ్‌లో చేరేనాటికి ఆయన కాలేజీ వదిలి ఏడాదైనా అయిందో లేదో. సీనియర్ నర్సులు "మన డాక్టర్ సాబ్ సినిమాల ఏసిండట" అని గుంపుగా పోయి చూసి ఉంటారు. మేం అమ్మకు మతి లేదనడానికి సాక్ష్యంగా చూపించిన ముక్కే ఆమె చెప్పినదాన్ని రుజువు చేసింది.

అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. పేరు చెప్పాను. అవతల చప్పుడు లేదు. తర్వాత, "ఆఁ... గదే" అంది. ఆ తర్వాత సన్నగా "సుధవో సుహాసిని" అని ఒక్క లైను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. రికార్డుల మాస్టారు రెండో లైను అందుకున్నారు. పక్క టేబులు వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు, చూస్తే చూడనీ.

మధ్యలో జరిగిన ఒక తమాషా చెప్పాలి. మా అబ్బాయి అమ్మమ్మ మీద ప్రేమ పొంగిపోయి, పేరు వెతికి, ఆ పేరుతో దొరికిన పుస్తకం ఆర్డర్ పెట్టేశాడు. వచ్చింది బుచ్చిబాబు నవల! ఆ సినిమాకూ ఈ నవలకూ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పట్టుదలగా నలభై పేజీలు చదివింది. "డాక్టరు చదువు చదివే పిలగాడు ఉన్నడు గని, నర్సేది?" అని అడిగింది. నవల మాత్రం వదల్లేదు, ఇంకా చదువుతోంది.

ఇక పాటల పుస్తకాల అక్కయ్య గురించి. ఆ రోజు హోటల్లో ఈమె పెద్దగా మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి, "మా నాన్న దాచిన డబ్బాలో ఉందమ్మా" అంది. పాత బిస్కట్ డబ్బాలు, అందులో వేపాకులు, వేపాకుల మధ్య పాటల పుస్తకాలు. కొత్తవాళ్లకు చెప్పాలంటే, అప్పట్లో సినిమా హాలు బయట అణాకో, రెండణాలకో అమ్మేవాళ్లు. పల్చటి న్యూస్‌ప్రింటు కాగితం, నాలుగైదు మడతలు, పైన బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, కథ, పాటలు. పట్టుకుంటే పెళుసు అప్పడంలా విరుగుతాయి. జిరాక్స్ ఇచ్చి సరిపెట్టొచ్చు. సరిపెట్టలేదు. "అమ్మగారు ఒకసారి చేత్తో పట్టుకోవాలి కదా" అని విద్యానగర్ నుంచి నల్లకుంటలో మా ఇంటికి అసలు పుస్తకాన్నే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చింది. ఆమె వస్తోందని తెలిసి మిగతా ముగ్గురూ వచ్చేశారు. రికార్డుల మాస్టారు ఆ సినిమా పాటలు క్యాసెట్‌లో ఎక్కించి, క్యాసెట్ వేసే డబ్బాను కూడా ఆటోలో తెచ్చారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, రెండంతస్తులు మోసుకొచ్చారు. మా లిఫ్టు ఆ రోజే చెడిపోవాలా!

అమ్మ పొద్దున్నే తలంటు పోసుకుని, గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని కూర్చుంది. ముందు నలుగురికీ ఇంటర్వ్యూ. బీపీ ఉందా, షుగరుందా, మాత్రలు వేళకు వేసుకుంటున్నారా. తార్నాక బాబాయి గారు ఉప్మాలో ఊరగాయ మళ్లీ వేసుకోబోతే వద్దని చెయ్యి పట్టుకుంది. ఆయన బుద్ధిగా గిన్నె పక్కకు జరిపారు.

తర్వాత మాటలు ఎక్కడెక్కడికో పోయాయి. ఇదే రామినీడు 1959లో మా ఇంటి మహాలక్ష్మిని పూర్తిగా హైదరాబాద్‌లోనే, అమీర్‌పేట సారథి స్టూడియోలో తీశారని, అలా మొత్తం ఇక్కడే తయారైన మొదటి తెలుగు సినిమా అదేనని పెద్దాయన చెప్పారు. ఆ రోడ్డు మీద మెట్రోలో ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ కిటికీలోంచి ఆ వైపు చూడలేదు. సావిత్రి 1968లో చిన్నారి పాపలు తనే డైరెక్ట్ చేసిందని, ముఖ్యమైన పనులన్నీ ఆడవాళ్లతోనే చేయించిందని అక్కయ్య చెబితే అమ్మకు భలే సంతోషమైంది. "మా వార్డు లెక్క" అంది.

అప్పుడు అక్కయ్య పుస్తకంలో కథ చదివింది. పాత పాటల పుస్తకాల సంగతి మీకు తెలుసుగా, కథ పసందైన చోటికి రాగానే ఆపేసి, శేషం వెండితెరపై చూడమంటాయి. ఇదీ అంతే. అక్కయ్య అక్కడ ఆగి తలెత్తింది. సినిమా చూపించడానికి మా దగ్గర మంచి ప్రింటు లేదు. ఎవరం ఏమీ అనకముందే అమ్మ మొదలుపెట్టింది.

చివరి సీను మొత్తం చెప్పింది. నర్సును తను డ్యూటీ చేసిన చోటే పేషెంటుగా చేర్చుకోవడం, నటించడం తన వల్ల కాలేదని ఆమెకు అర్థమవడం. సావిత్రి ఎక్కడ చూసింది, చేతులు ఎలా పెట్టుకుంది, అన్నీ. అరవై ఏళ్ల కింద ఒక్కసారి చూసిన సినిమా. ఆ రోజు హాస్టల్ పిల్లలు ఆరుగురూ అఫ్జల్‌గంజ్ దాకా ఒక్క మాటా లేకుండా నడుచుకుంటూ వచ్చారట. మర్నాడు పొద్దున డ్యూటీలో ఒక పేషెంటు "నువ్వు నవ్వితే సగం రోగం పోతది సిస్టరమ్మా" అంటే, నవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయానని చెప్పింది. ఈ ముక్క మాకెప్పుడూ చెప్పలేదు. మేమెప్పుడు అడిగాం గనక? సినిమా పేరు దగ్గరే ఆమె నోరు మూయించేవాళ్లం.

తమ్ముడు ఆ మధ్యాహ్నం అంతా అమ్మ కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. ఖామోషీ మాట ఎత్తలేదు.

ఆబిడ్స్‌లో పుస్తకాలు అమ్మే అన్నకు, తార్నాక బాబాయి గారికి (మీ ఆరాధన కూడా అమ్మ చూస్తానంది), రికార్డుల మాస్టారికి, ఏజీ ఆఫీసు పెద్దాయనకు, పాటల పుస్తకాల అక్కయ్యకు మా అందరి తరఫునా దండాలు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు ఇలాగే పేరు తెలియని సినిమా ఒకటి పట్టుకుని కూర్చుంటే, ఆదివారం పొద్దున గానసభ వైపు ఒక చాయ్ తాగి రండి.

అక్కయ్యా, మీరు ఉప్మాలోకి నిమ్మకాయ పచ్చడి తెచ్చిన స్టీలు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ డబ్బా ఇయ్యొద్దని అమ్మ పట్టుబట్టింది, గరిజెలకు పిండి కలుపుతోంది. ఆదివారం తెస్తాను.