ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఒక్క కొత్త టైరు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, జయపురం. పెద్దాసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా మాకు విశాఖే దిక్కు, అంటే పొట్టంగి, సుంకి దాటి సాలూరు వైపు ఘాట్ దిగాల్సిందే. ఈ రోడ్ల కోసమే మా వాళ్లు కొందరు ఆల్ వీల్ డ్రైవ్ కార్లు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి వెళ్లేవి, కొంటున్నారు, నేనూ కొన్నాను. కానీ వాటి టైర్ల సంగతి అమ్మేవాళ్లు చెప్పడం లేదు, కొనేవాళ్లు అడగడం లేదు. నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వానాకాలం ఘాట్‌లో రాయి తగిలి నా కారు వెనక ఎడమ టైరు సైడు చీలిపోయింది. స్టెప్నీ వేసుకుని ఎలాగో ఊరు చేరి షాపుకి వెళితే, మీ కంపెనీ టైరు లేదు, వేరే కంపెనీది ఉంది అన్నారు. "సైజు ఒకటే కదా బాబూ, ఏం కాదు" అంటే నేనూ సరే అన్నాను. మిగతా మూడూ అప్పటికే 30 వేల కిలోమీటర్లు పైగా తిరిగినవి. వారం తిరగకముందే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి సందులో మలుపు తీసుకుంటుంటే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి బిగుసుకోవడం మొదలైంది. ఆ తర్వాత ఒకరోజు అమ్మను డాక్టరుకి చూపించి తిరిగి వస్తుంటే, ఘాట్ సగం ఎక్కాక డాష్‌బోర్డు మీద ఆల్ వీల్ డ్రైవ్ హెచ్చరిక లైటు వెలిగింది. చీకటి, వాన, పక్కన అమ్మ. బండి పక్కకి ఆపి చల్లారేదాకా కూర్చున్నాం.

తర్వాత విశాఖలో చూపిస్తే మెకానిక్ బండి కిందకి కూడా దూరలేదు, ముందుగా నాలుగు టైర్ల గాడి లోతు కొలిచాడు. కొత్తది దాదాపు 8 మిల్లీమీటర్లు, పాతవి 4. "జబ్బు ఇక్కడే ఉంది సార్" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. నాది 215/60 ఆర్ 17 సైజు. కొత్త టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 2,167 మిల్లీమీటర్లు వెళుతుంది, 4 మిల్లీమీటర్లు అరిగిన టైరు 2,142 మాత్రమే. అంటే పాత చక్రం కిలోమీటరుకి ఐదు చుట్లు ఎక్కువ తిరగాలి, 200 కిలోమీటర్లకి వెయ్యికి పైనే. ముందు చక్రాలకే శక్తి వెళ్లే మామూలు కారులో వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి కాబట్టి ఇది పెద్దగా తెలియదు. నా కారులో ముందు వెనక ఇరుసులను కలిపే క్లచ్ లాంటి కప్లింగ్ ఒకటి ఉంటుంది. ముందువి గానీ వెనకవి గానీ చక్రాలు రెండోవాటికంటే వేగంగా తిరిగితే అవి బురదలో జారుతున్నాయనుకుని అది పట్టుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద కూడా అలా పట్టుకుంటూ వదులుతూ ఉంటే వేడెక్కుతుంది, లోపలి ఆయిల్ చెడుతుంది, చివరికి అదే పోతుంది. అది మార్చాలంటే నాలుగు టైర్ల ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది.

సాలూరు లారీల వాళ్లకి ఈ విషయం కొత్త కాదు. వెనక జంట చక్రాల్లో అరిగిన టైరు పక్కన కొత్తది వేస్తే బరువంతా పెద్దదాని మీదే పడి రెండూ పాడవుతాయని వాళ్లు జత చూసి వేస్తారు. మనం కారు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాం?

ఎంత తేడా పర్వాలేదో కంపెనీని బట్టి మారుతుంది, బండితో ఇచ్చిన పుస్తకం చూడాలి. జపాన్ కార్ల కంపెనీ సుబారు అయితే చుట్టుకొలతలో పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వద్దంటుంది. గాడి లోతులో చెప్పాలంటే అది 1 మిల్లీమీటరే! అందుకే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు ఉండాలి, అరుగుదల కూడా దగ్గరదగ్గరగా ఉండాలి. సైజు నంబరు ఒకటే అయినా కంపెనీ మారితే అసలు కొలత కొంచెం మారుతుంది. ఒకటి పోయినప్పుడు మిగతావి దాదాపు కొత్తవైతే అదే మోడల్ ఒకటి తెప్పించుకోండి, రెండు రోజులు ఆగినా సరే. సగం అరిగిపోతే నాలుగూ మార్చాల్సిందే, లేదా అదే మోడల్‌లో అంతే అరిగిన మంచి టైరు దొరకాలి. స్టెప్నీ చిన్న సైజుదైతే దాంతో షాపు దాకా మెల్లగా వెళ్లండి, అంతే. మామూలు సైజుదైతే దాన్ని కూడా మిగతా నాలుగుతో కలిపి మార్చుకుంటూ తిప్పండి, అప్పుడు అయిదూ ఒకేలా అరుగుతాయి, రేపు ఒకటి పోయినా బాధ ఉండదు. గాలి కూడా డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంతే పెట్టించండి.

థార్, జిమ్నీ లాంటి, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలన్నప్పుడే వేసుకునే బండ్లు ఉన్నవాళ్లకి కొంచెం నయం. టూ వీల్ డ్రైవ్‌లో నడిపినంతసేపు వాటికి ఈ ఇబ్బంది ఉండదు, ఫోర్ వీల్ వేస్తే మాత్రం టైర్లు సమానంగా ఉండాలి.

టైర్ల షాపుల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. బండి రాగానే "ఇది ఆల్ వీల్ డ్రైవా?" అని అడగండి, గాడి లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి పెట్టుకోండి. మీ పత్రిక కార్ల పేజీలో ధర, మైలేజీ, సన్‌రూఫ్ గురించి రాస్తారు కదా, ఈసారి వానలు మొదలయ్యేలోపు టైర్ల గురించి కూడా అర పేజీ వేయండి. మా కొండల్లో మీ పత్రిక మధ్యాహ్నానికి గానీ రాదు, అయినా చదువుతాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా