సర్టిఫికెట్ లేని పిల్లల గురించి సుబ్బూకి

ఒరేయ్ సుబ్బూ,

దర్శి స్కూల్లో కుదురుకున్నావని తెలిసి సంతోషమేసింది రా. "మా క్లాసులో ప్రత్యేక అవసరాల పిల్లలు ఇద్దరే" అని రాశావే, ఆ ఇద్దరూ వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. వాటిలో చాలావి పైకి కనపడవు. అలాంటి పిల్లలకే మొద్దు, మొండి అని పేర్లు పడేది.

ముందు చెవుల సంగతి. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే చట్టం లెక్కన చెవుడు, 60 నుంచి 70 అయితే వినికిడి లోపం. కానీ చీము కారే చెవితో అంతకంటే తక్కువ నష్టమున్నా డిక్టేషన్‌లో మాటలు జారిపోతాయి. పేరు పిలిస్తే ఎవడైనా పక్కవాణ్ణి చూసి లేస్తున్నాడా, గమనించు. బోర్డువైపు తిరిగి మాట్లాడకు, వాడికి నీ పెదాలు కనపడాలి. ఫ్యాను చప్పుడుకు దూరంగా ముందు బెంచీలో కూర్చోబెట్టు. వినికిడి మిషను కీచుమంటుంటే ఎక్కువగా చెవిలో పెట్టే అచ్చు వదులైనట్టే. పిల్లల చెవి పెరుగుతుంది కదా, అచ్చు మళ్లీ తీయించాలి. సౌండ్ తగ్గించి ఊరుకుంటే వాడికి వినపడేదీ పోతుంది.

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, దాని గురించి కాస్త ఓపిగ్గా చదువు. నోటితో అడిగితే చక్కగా చెప్తాడు, రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. "అమ్మ"ను "అమ" అని రాస్తాడు, దీర్ఘాలు మింగేస్తాడు, ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాస్తాడు. అదే మాట యాభైసార్లు రాయించడం శిక్షే తప్ప వైద్యం కాదు. మాటను అక్షరాలుగా విడగొట్టి పలికించు, ఇసుకలో వేలితో దిద్దించు, సైన్సు పేపర్లో స్పెల్లింగుకు మార్కులు కొయ్యకు. ఈ సర్టిఫికెట్‌కు పరీక్ష మామూలుగా ఎనిమిదేళ్లు నిండాకే.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక పట్టు తప్పే వైకల్యం) ఉన్న పిల్లవాడికి చొంగ కారినంత మాత్రాన, మాట ముద్దగా వచ్చినంత మాత్రాన బుద్ధి తక్కువని అనుకోకు. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగు. పాదాలు నేలకు ఆనేలా బెంచీ కింద చెక్క పలక పెట్టించు. పెన్సిలుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇస్తే పట్టు దొరుకుతుంది.

హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవాడుంటే ఆటలు నేర్పే పీఈటీ సారుకు తప్పక చెప్పు. దెబ్బ తగిలితే గట్టిగా అదిమిపట్టి ఐసు పెట్టి ఆసుపత్రికి పంపాలి, ఆస్పిరిన్ మాత్రం ఇవ్వొద్దు.

మీ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా. పళ్ల మీద గోధుమ మచ్చలు వైకల్యం కాదు. కాళ్లు వంకర తిరుగుతున్నా, నడక మారుతున్నా మాత్రం ఎముకల డాక్టరుకు చూపించమను.

అనుమానం వస్తే తల్లిదండ్రులతో జబ్బు పేరు అనకు, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరుకు చూపించి, సచివాలయంలో సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే వైద్య పరీక్ష) స్లాటు పెట్టించు. వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ తేలితే పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనం, రాయలేనివాళ్లకు స్క్రైబ్, అంటే వాళ్లు చెప్పింది రాసిపెట్టే మనిషి. కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది ఇది. స్లాటు దొరకడానికి ఆలస్యమవుతుంది కాబట్టి పదో తరగతి పిల్లల పని జూన్‌లోనే మొదలుపెట్టు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేలోపు కాగితం చేతికి రావాలి.

నీ,
రమణ
ఒంగోలు