కంచె లోపలివాళ్లకు కౌలు, బయటివాళ్లకు గుండు సున్నా: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర ఇంధన శాఖ మంత్రివర్యులకు,

కర్నూలు జిల్లా రైతు నమస్కరించి రాయునది.

అయ్యా, మండలాఫీసులో ఇచ్చిన అర్జీలకు జవాబే లేదు. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చినదానికి మాత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని. ఆ మెసేజ్ చూసుకున్న రోజు కూడా సోలార్ కంపెనీ మా చేని రస్తాకు పెట్టిన గేటు అలాగే ఉంది. ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప దారి కనిపించలేదు.

సోలార్ వద్దనేవాణ్ని కాను. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చినప్పుడు మేమంతా బండ్లేసుకుని చూడ్డానికి పోయినవాళ్లమే. తర్వాత మా పొలాల పక్కకే ఒక కంపెనీ వచ్చింది. చుట్టుపక్కల భూముల రేట్లు పెరుగుతాయని మీటింగు పెట్టి అధికారులే చెప్పారు. పెరిగాయి సార్. హైవే పక్కన, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు వైపు పెరిగాయి. మావి కాదు.

కంపెనీకి పొలం ఇచ్చినవాళ్లకు ఏటా కౌలు వస్తోంది. రానీయండి, దానికి నాకేం కడుపుమంట లేదు. నా చేను వాళ్ల బ్లాకు కొస దగ్గర ఆగిపోయింది, వాళ్లకు అక్కర్లేదన్నారు. ఇప్పుడు కొనేవాళ్లకూ అక్కర్లేదు.

గ్రామపటంలో ఉన్న బండ్ల రస్తా కంచె లోపలికి పోయింది. అక్కడ గేటు పెట్టారు. నా చేనికి నేను పోవాలంటే సెక్యూరిటీ దగ్గర పుస్తకంలో పేరు, టైము, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టాలి. అందులో ‘ఎవరిని కలవాలి’ అని ఒక గడి ఉంది. అక్కడ ఏం రాయమంటారు? నేను ‘శనగ’ అని రాస్తున్నాను. ట్రాక్టరును పోనిస్తారు, కోత మిషను వెడల్పు ఎక్కువని ఆపేస్తారు. సరే, కూలోళ్లతో కోయిద్దామంటే వాళ్ల ఆటో గేటు దాటకూడదట, అంత దూరం నడిచి ఎవరొస్తారు? చీకటి పడితే తాళం. వాన పడితే ఇంకో కథ. వంకను పూడ్చి చదును చేసేసరికి లోపలి నీళ్లన్నీ కంచె కింద నుంచి మా చేలో దిగుతున్నాయి. నల్లరేగడి కదా, ఒక్కసారి నీళ్లు నిలిస్తే వారం దాకా కాలు పెట్టలేం.

కూతురి పెళ్లికి రెండెకరాలు బేరం పెట్టాను. వచ్చినవాళ్లు మట్టి చేతిలోకి తీసుకుని, బాగుందన్నారు. ఆ తర్వాత అందరిదీ ఒకే మాట, ‘దారేది?’ ఒకాయన అడ్వాన్సు దాకా వచ్చి, దస్తావేజులో తూర్పు హద్దు ‘సోలార్ కంపెనీ కంచె’ అని రాయాలనేసరికి ఇంట్లో అడిగి చెప్తానని పోయాడు. ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నాడు. చివరికి ఒక బ్రోకరు చెప్పిన రేటు పక్క ఊరి రేటులో సగం లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో మాత్రం మా భూమి విలువ పైసా తగ్గలేదు.

అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు ఆరు రాష్ట్రాల్లో 18 లక్షల ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2023లో లెక్క తేల్చారు. పెద్ద సోలార్ ప్లాంటుకు అర మైలు లోపలున్న ఇళ్ల ధర, రెండు నుంచి నాలుగు మైళ్ల దూరంలోని ఇళ్లతో పోలిస్తే సగటున ఒకటిన్నర శాతం తగ్గిందట. ఒకటిన్నర శాతమే అయితే మీకు ఈ లేఖ రాసేవాణ్నే కాను.

మన దేశం సంగతే చూడండి. పెద్ద కరెంటు లైన్లకు 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలిచ్చింది. టవరు కింద పోయే నేలకు భూమి విలువకు రెండింతలు, తీగల కింది నేలకు విలువలో 30 శాతం పరిహారం ఇవ్వాలంది. తీగల కింది నేల రైతు పేరు మీదే ఉంటుంది, పంటా పండుతుంది. అయినా ఇస్తున్నారంటే, భూమి పోకున్నా విలువ పోతుందని సర్కారే ఒప్పుకున్నట్టు కదా! మరి ఆ కరెంటు పుట్టే చోట, కంచె పక్క నేలకు ఎందుకు లేదు?

ఎవరిని అడగాలో కూడా తెలియదు. 2022లో జిల్లాలు విడదీశాక కంచె నంద్యాల జిల్లాకు పోయింది, నా చేను కర్నూలులో మిగిలింది. ఇక్కడ అడిగితే కంపెనీ అక్కడిది అంటారు, అక్కడ అడిగితే రైతు ఇక్కడివాడు అంటారు. కరెంటుకు మాత్రం జిల్లా హద్దు అడ్డం రాదు.

2024లో కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చారు, ఇంకా వేల ఎకరాల్లో ప్లాంట్లు వస్తాయంటున్నారు. వాటన్నిటికీ కంచెలుంటాయి, ప్రతి కంచె బయటా నాలాంటివాడొకడు ఉంటాడు. దయచేసి రెండు జిల్లాల సర్వేయర్లను ఒకే రోజు, ఒకే గ్రామపటంతో పంపించండి. రస్తా తెరిపించండి. వంకను దాని దారిన పోనివ్వండి. పడిపోయిన విలువకు లెక్క కట్టి ఇవ్వండి, లేదా మా చేలనూ అదే కౌలుకు తీసుకోమని కంపెనీకి చెప్పండి. ఇవేవీ కుదరవంటే కుదరవని రాతపూర్వకంగా ఇవ్వండి, కోర్టుకు పోయేటప్పుడు పనికొస్తుంది. శనగ విత్తే లోపు రస్తా ఒక్కటైనా తెరిపిస్తే, గేటు దగ్గర సంతకం పెట్టకుండా గొర్రు తోలుకుంటాం.

ఇట్లు
కంచె బయటి రైతు,
కర్నూలు జిల్లా